అదిరే నేల మీద ఇల్లు, గిర్ని: పునాది నుంచి బోల్టు దాకా ఎలా కట్టాలి

ఇటు ఆదిలాబాద్, ఆసిఫాబాద్, బెల్లంపల్లి, అటు కిన్వట్, రాజురా, బల్లార్‌షా, సిరోంచ. ఈ తెలంగాణ, మహారాష్ట్ర సరిహద్దు పట్టీలో ఇల్లు కట్టేవాళ్లకు అదురు మూడు దిక్కుల నుంచి వస్తుంది. భూకంపం ఎప్పుడో ఒకసారి వస్తుంది. బొగ్గు ఓపెన్‌కాస్టు ఉన్నచోట బ్లాస్టింగ్ దాదాపు రోజూ ఉంటుంది. ఇంటికి ఆనించి పెట్టిన గిర్నో (పిండి మర), నూనె గానుగో, డీజిల్ ఇంజనో గంటల తరబడి కొడుతూనే ఉంటుంది. మూడింటి లెక్కలూ వేరు. గోడకు బలం చాలక కూలిన ఇళ్లు మాత్రం తక్కువే. మూల దగ్గర ఒక గోడ ఇంకో గోడను వదిలేయడం వల్ల కూలినవే ఎక్కువ. అందుకని కింద సిమెంటు గురించి కంటే కట్టు గురించే ఎక్కువ చెబుతున్నాం.

ముందు మీ ఇంటి ఊపు లెక్కేయండి

ప్రతి కట్టడానికీ తనదైన ఊపు ఉంటుంది. ఒకసారి కదిలిస్తే సెకనుకు ఇన్నిసార్లు అని ఊగి ఆగుతుంది. బయటి అదురు కూడా అదే వేగంతో వస్తే ఊపు మీద ఊపు పడి పెరిగిపోతుంది. గోడల మీద కట్టిన ఇళ్లకు, భూకంపాల కోసం రాసిన భారత ప్రమాణం ఐఎస్ 1893 కోడ్‌లో ఒక సులువైన సూత్రం ఉంది: ఇంటి ఎత్తును 0.09తో గుణించి, అదురు వచ్చే దిశలో ఇంటి పొడవు వర్గమూలంతో భాగించాలి. కొలతలు మీటర్లలో, జవాబు సెకన్లలో. 3.3 మీటర్ల ఎత్తు, 9 మీటర్ల పొడవున్న ఇంటికి 0.297ను 3తో భాగిస్తే సుమారు 0.1 సెకను. అంటే సెకనుకు 10 ఊపులు, 10 హెర్ట్జ్. అదే ఇల్లు 6 మీటర్ల వెడల్పు దిశలో అయితే 8 హెర్ట్జ్. పైన ఇంకో అంతస్తు వేస్తే పొడవు దిశలో 5కు దిగుతుంది.

ఈ అంకెను కాగితం మీద రాసి పెట్టుకోండి. బ్లాస్టింగ్ హద్దులు చూసేటప్పుడు, గిర్ని చక్రం ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) చూసేటప్పుడు ఇదే పనికొస్తుంది.

ఇక భూకంపం జోన్. అంకె పెరిగితే ప్రమాదం పెరిగినట్టు. ఐఎస్ 1893 (2016) పటంలో ఈ ప్రాంతంలో చాలా భాగం జోన్ 2లో ఉంది, గోదావరి లోయ వెంట కొంత జోన్ 3లో ఉంది. మీ ఊరు ఎందులో ఉందో ఇంజనీరుతో పటం చూపించుకోండి. అనుమానంగా ఉంటే జోన్ 3 అనుకునే కట్టండి, ఒక అంతస్తు ఇంటికి ఖర్చులో తేడా చాలా తక్కువ. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున 6.2 తీవ్రతతో కంపించిన లాతూర్ జిల్లా కిల్లారి అప్పటి పటంలో అన్నిటికంటే తక్కువ ప్రమాదం అనుకున్న జోన్ 1లో ఉంది. వేల మంది చనిపోయాక, 2002లో జోన్ 1ని పూర్తిగా తీసేసి ఆ ప్రాంతాన్ని జోన్ 3లోకి మార్చారు. గోదావరి లోయ కూడా నిద్రపోవడం లేదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం కదిలింది, 2024 డిసెంబర్ 4న ములుగు వైపు 5.3 తీవ్రతతో వచ్చిన అదురు గడ్చిరోలి దాకా తెలిసింది. పటాన్ని కనీస హద్దుగా చూడండి, భరోసాగా తీసుకోకండి.

నేల: నల్లరేగడి దాటండి

మొదట మూడు చోట్ల గుంత తీయించండి. నల్లరేగడి కింద మొరం ఎంత లోతులో తగులుతుందో చూడండి. 1.5 మీటర్లలోపే తగిలితే రేగడి మొత్తం తీసి, మొరంలోకి కనీసం 15 సెంటీమీటర్లు దిగి పునాది వేయండి. తీసిన రేగడినే మళ్లీ పునాది పక్కన నింపకండి. వానాకాలంలో అది ఉబ్బి గోడను పక్కకు తోస్తుంది. మొరంతోనే నింపి, 15 సెంటీమీటర్ల పొరలుగా తడిపి దిమ్మిస చేయించండి.

రేగడి లోతుగా ఉంటే అండర్‌రీమ్డ్ పైల్స్ వేయాలి. కింద గడ్డలా ఉబ్బిన కాంక్రీటు స్తంభాలు ఇవి. రేగడి ఎండి ముడుచుకోవడం, తడిసి ఉబ్బడం సుమారు 3.5 మీటర్ల లోతు వరకూ సాగుతుంది కాబట్టి పైల్ అంతకంటే తక్కువ ఉండకూడదు. కాడ 300 ఎంఎం అయితే గడ్డ దానికి రెండున్నర రెట్లు, అంటే 750 ఎంఎం. గోడ మూలల్లోనూ, గోడలు కలిసే చోటా పైల్ తప్పనిసరి. వాటి మీద పోసే బీము నేలకు తగలకుండా కనీసం 80 ఎంఎం ఖాళీ వదలాలి. చాలా చోట్ల మేస్త్రి సెంట్రింగ్ ఖర్చు కలిసొస్తుందని రేగడి మీదే బీము పోసేస్తాడు. మొదటి వానకే నేల ఉబ్బి బీమును పైకి ఎత్తుతుంది. పైల్స్‌కు పెట్టిన డబ్బంతా అక్కడే పోతుంది.

గోడ, సందులు

తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, 1:6 సిమెంటు ఇసుక పాళ్లు జోన్ 3 దాకా చాలు. ఇటుకను వాడే ముందు నీళ్లలో నానబెట్టకపోతే అది పాళ్లలోని నీటిని లాగేసుకుంటుంది, అతుకు పొడిబారి గోడ పేర్చిన ఇటుకల కుప్పలా మిగులుతుంది. మేలో 45 డిగ్రీల ఎండలో కట్టే ఊళ్లలో ఈ తప్పు ఎక్కువగా కనిపిస్తుంది. గోడకు కనీసం 7 రోజులు, ఎండాకాలంలోనూ బూడిద కలిసిన పీపీసీ సిమెంటు వాడినప్పుడూ కనీసం 10 రోజులు నీళ్లు కొట్టాలి. తడి గోనెసంచులు వేలాడదీస్తే ఇంకా మంచిది.

నాలుగు మూలలూ ఒకేసారి లేవాలి. ఒక గోడ పూర్తిగా లేపి, రెండో గోడ కోసం ఇటుక పళ్లు వదిలి తర్వాత అతికిస్తే ఆ అతుకే ముందు విడుస్తుంది. ఆపక తప్పనప్పుడు మెట్లు మెట్లుగా ఏటవాలుగా ఆపండి.

కిటికీలు, తలుపులు గోడను తినేస్తాయి. ఐఎస్ 4326 ప్రకారం ఒక అంతస్తు ఇంట్లో జోన్ 3లో ఒక గోడలోని సందులన్నీ కలిపి ఆ గోడ పొడవులో 55 శాతం మించకూడదు. రెండంతస్తులయితే 46 శాతం. సందు మొదలయ్యేది లోపలి మూల నుంచి కనీసం 230 ఎంఎం దూరంలో, రెండు సందుల మధ్య గోడ కనీసం 450 ఎంఎం. ఉదాహరణకు 4.5 మీటర్ల గోడలో ఒక మీటరు తలుపు, 1.2 మీటర్ల కిటికీ పెడితే కలిపి 2.2 మీటర్లు, అంటే 49 శాతం. సరిపోయింది. దానికి గాలి కోసమని ఇంకో 60 సెంటీమీటర్ల కిటికీ చేర్చారో, 62 శాతానికి వెళ్లింది. వాస్తు కోసం తలుపును మూలకు జరిపేటప్పుడు కూడా ఆ 230 ఎంఎం వదులుకోకండి.

బ్యాండ్లు: అసలు పని ఇక్కడే

అదురు వచ్చినప్పుడు దానికి అడ్డంగా ఉన్న గోడ బయటికి వాలబోతుంది, అదురు దిశలోనే ఉన్న గోడ దాన్ని పట్టి ఉంచాలి. ఆ పట్టు ఇవ్వడానికే ఇంటి చుట్టూ, లోపలి అడ్డగోడల మీదుగా, ఎక్కడా తెగకుండా తిరిగే కాంక్రీటు పట్టీలు. బండి చక్రానికి ఇనుప పట్టా ఎందుకో ఇంటికి బ్యాండు అందుకే.

బేస్‌మెంటు బ్యాండు రేగడి నేలలో తప్పదు. తలుపులు, కిటికీల పైన వచ్చే లింటెల్ బ్యాండు అన్ని ఇళ్లకూ కావాలి, ఒక్కటే వేయగలిగితే ఇదే వేయండి. పైన స్లాబు నేరుగా గోడల మీద కూర్చుంటే విడిగా రూఫ్ బ్యాండు అక్కర్లేదు, స్లాబే ఆ పని చేస్తుంది. రేకులు, పెంకుల ఇంటికి మాత్రం గోడ పైకొస కింద రూఫ్ బ్యాండు, త్రికోణపు గోడ ఉంటే దాని ఏటవాలు అంచు వెంట ఇంకోటి ఉండాలి. త్రికోణపు గోడ ఎత్తుగా, పైన పట్టు లేకుండా నిలబడి ఉంటుంది కాబట్టి అదురుకు ముందు పడేది అదే.

కొలతలు: గోడ వెడల్పంత, 75 ఎంఎం మందం, ఎం20 కాంక్రీటు. అడ్డగోడల మధ్య దూరం 6 మీటర్ల లోపు ఉంటే, జోన్ 3లో రెండు 8 ఎంఎం సలాకలు. 7 మీటర్లయితే రెండు 10 ఎంఎం, 8 మీటర్లయితే రెండు 12 ఎంఎం. నాలుగు సలాకలు కావాల్సినంత పెద్ద గదులకు మందం 150 ఎంఎం చేయాలి. అడ్డంగా 6 ఎంఎం కట్లు ప్రతి 150 ఎంఎంకు ఒకటి. సలాకకు అన్ని వైపులా 25 ఎంఎం కాంక్రీటు కప్పు.

9 బై 6 మీటర్ల ఇల్లు, మధ్యలో ఒక అడ్డగోడ అనుకోండి. ఒక బ్యాండు పొడవు సుమారు 36 మీటర్లు. కాంక్రీటు 0.62 ఘనమీటరు, సిమెంటు 5 బస్తాలు. 8 ఎంఎం సలాక అతుకులతో కలిపి 80 మీటర్లు, సుమారు 32 కిలోలు. 6 ఎంఎం కట్లు 240, సుమారు 16 కిలోలు. అంటే మొత్తం ఇనుము 50 కిలోల లోపే. ఇంట్లో టైల్స్‌కు పెట్టేదానితో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు. అయినా ఖర్చు తగ్గించాలన్నప్పుడు మొదట కోత పడేది దీనికే.

బ్యాండు వేసేటప్పుడు చెడేది ఎక్కువగా నాలుగు చోట్ల.

మూలలో సలాకలు ఆగిపోవడం. ఒక గోడ సలాక మూల దగ్గర తిరిగి రెండో గోడలోకి కనీసం 300 ఎంఎం వెళ్లాలి, అక్కడ రెండో సలాకతో కట్టాలి. నేరుగా వచ్చి మూలలో ఆగితే అది బ్యాండు కాదు, నాలుగు విడి లింటెళ్లు.

అన్ని అతుకులూ ఒకేచోట పెట్టడం. సలాకకు సలాక అతుకు దాని మందానికి 50 రెట్లు, 8 ఎంఎంకు 400 ఎంఎం. రెండు సలాకల అతుకులు పక్కపక్కన రాకూడదు, అవి గోడ మధ్యలోనో మూలలోనో కాక కొంచెం పక్కన ఉండాలి.

మెట్ల దగ్గరో, వెంటిలేటర్ దగ్గరో బ్యాండు తెంపడం. మెట్ల కిటికీ లింటెల్ ఎత్తుకు అడ్డొస్తే కిటికీని దించండి, బ్యాండును దించకండి.

సలాకను ఇటుక మీదే పరిచి కాంక్రీటు పోయడం. కింద సిమెంటు బిళ్లలు పెట్టకపోతే కాంక్రీటు దాని చుట్టూ దిగదు. కొన్నేళ్లకు తుప్పు పట్టి ఉబ్బుతుంది, బ్యాండు పొడవునా ఒక అడ్డపగులు తెరుచుకుంటుంది. ఆ పగులు చూసి జనం బ్లాస్టింగ్‌ను తిడతారు.

మూలల్లో నిలువు సలాక సంగతి: జోన్ 3లో ఒకటి రెండంతస్తుల మామూలు ఇటుక ఇంటికి కోడ్ దాన్ని అడగదు. అయినా ఓపెన్‌కాస్టు దగ్గరున్న ఇంటికి ప్రతి మూలలో ఒక 10 ఎంఎం సలాక పునాది నుంచి స్లాబు దాకా నిలబెట్టమనే చెబుతాం. దాని చుట్టూ ఇటుకల మధ్య వదిలిన బొందలో ప్రతి నాలుగైదు వరుసలకు కాంక్రీటు పోసి గట్టిగా కూరాలి. గోడంతా లేపాక పైనుంచి ఒక్కసారిగా పోస్తే మధ్యలో గాలి బొరియలు మిగిలిపోతాయి.

కింద షట్టర్ల దుకాణాలు, పైన ఇల్లు ఉండే పట్నపు కట్టడాలకు ఇదంతా చాలదు. అక్కడ కింది అంతస్తులో గోడలు లేక ఊపంతా పిల్లర్ల మీదే పడుతుంది. తొమ్మిది అంగుళాల పిల్లరు పెట్టించకండి, ఐఎస్ 13920 ప్రకారం కనీసం 300 ఎంఎం ఉండాలి. బీములు కలిసే చోట పిల్లరు పైనా కిందా కనీసం 450 ఎంఎం మేర రింగులు 75 ఎంఎం దూరంలో పడాలి. 16 ఎంఎం సలాకలున్న 300 పిల్లరుకు ఈ లెక్క. రింగు కొసలు 135 డిగ్రీలు లోపలికి వంగాలి. 90 డిగ్రీలు వంచి వదిలేసిన రింగు గట్టి అదురుకు విప్పుకుంటుంది. వెనకవైపు ఒక్క గది గోడ అయినా కింద నుంచి పైదాకా నిండుగా ఉంచండి. దీనికి మేస్త్రి లెక్క సరిపోదు, స్ట్రక్చరల్ ఇంజనీరు గీసిన డ్రాయింగ్ కావాలి.

పిట్టగోడ, నీళ్ల ట్యాంకు చిన్న విషయాలే కానీ ముందు పడేవి అవే. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు. నాలుగు ఇటుకల దిమ్మల మీద పెట్టకుండా రెండు గోడలు కలిసే చోటి మీద, స్లాబుతో కలిపిన దిమ్మ మీద పెట్టి పట్టీతో బిగించండి. పిట్టగోడకు ప్రతి రెండు మీటర్లకు స్లాబు నుంచి లేచిన సలాకతో చిన్న పోస్టు పోయండి.

పాత రాతి ఇల్లు ఉంటే

కిల్లారిలో ఎక్కువ మందిని చంపింది రెండు అడుగులకు పైగా మందమున్న రాతి గోడలు, వాటిమీద మట్టి మిద్దె. మట్టితో కట్టిన ఆ గోడలు నిజానికి రెండు పలుచని గోడలు: లోపలి వరుస, బయటి వరుస, మధ్యలో గులకరాళ్లు. అదురుకు ఆ రెండూ చెరో పక్కకు విడిపోయాయి. లోపల చెక్క స్తంభాలు మిద్దెను మోసిన చోట గోడ పడినా కప్పు నిలిచిన ఇళ్లున్నాయి.

కొత్తగా రాతితో కడితే మందం 450 ఎంఎం మించనీయకండి, 350 ఇంకా మంచిది. గోడ ఎంత బరువుంటే అదురు దాన్ని అంత గట్టిగా తోస్తుంది. ప్రతి 600 ఎంఎం ఎత్తుకు, 1.2 మీటర్ల లోపు దూరంలో గోడ మందమంతా పట్టే ఒక రాయి అడ్డంగా పెట్టాలి. అంత పొడవు రాయి దొరక్కపోతే మందంలో మూడు వంతుల పొడవున్న రెండు రాళ్లు ఒకదాని పక్కన ఒకటి, చెరో ముఖం నుంచి లోపలికి. గోడ ఎత్తు 3 మీటర్లు, అడ్డగోడల మధ్య 5 మీటర్లు దాటకూడదు.

ఉన్న ఇంటిని కాపాడుకోవాలంటే ముందు కప్పు బరువు దించండి. ఏటా వానకు ముందు పోసిన మట్టి పొర మీద పొర పేరుకుని ఉంటుంది. దాన్ని తీసి, నీరు దిగని పలుచని పొర వేయండి. తర్వాత గోడకు కుట్లు. ప్రతి మీటరుకు ఒకటి చొప్పున, ఎత్తులోనూ పొడవులోనూ, ఒక వరుసకు ఇంకో వరుస ఎడంగా, గోడకు అటూ ఇటూ తెరుచుకునేలా 75 ఎంఎం రంధ్రం చేయాలి. సుత్తితో బాదకండి. చిన్న గునపంతో రాయిని కదిలించి కదిలించి తీయాలి, లేకపోతే పక్కరాళ్లు లోపలే జారతాయి. రంధ్రం రెండు కొసల్లో వెడల్పుగా, మధ్యలో సన్నగా ఉండాలి. సగం దాకా కాంక్రీటు పెట్టి, రెండు కొసలూ వంచిన 8 ఎంఎం సలాక పెట్టి, మిగతాది నింపి 10 రోజులు తడపండి. పక్కపక్క రంధ్రాలు ఒకే రోజు తీయొద్దు.

ఆ తర్వాత లింటెల్ ఎత్తులో లోపలా బయటా 300 ఎంఎం వెడల్పున పూత రాల్చి, అతుకులు 12 నుంచి 15 ఎంఎం లోతు గీకి, వెల్డెడ్ మెష్‌ను పొడవాటి మేకులతో బిగించాలి. లోపలి మెష్‌నూ బయటి మెష్‌నూ గోడ గుండా తీగలతో కలపాలి. 1:3 పాళ్లతో రెండు పూతలు వేయాలి. ఇది కట్టిన ఇంటికి తొడిగే బ్యాండు. మూలల్లో మెష్‌ను తెంపకుండా తిప్పండి, అతుకు దగ్గర ఒకదాని మీద ఒకటి కనీసం 300 ఎంఎం వచ్చేలా పరిచి.

ఓపెన్‌కాస్టు దగ్గర

గనుల భద్రతా డైరెక్టరేట్, అంటే డీజీఎంఎస్, 1997లో బ్లాస్టింగ్ అదురుకు హద్దులు పెట్టింది. ఇంటి దగ్గర నేల ఎంత వేగంగా కదిలిందో సెకనుకు మిల్లీమీటర్లలో కొలుస్తారు, దాన్నే పీపీవీ అంటారు. గని యాజమాన్యానివి కాని ఇళ్లకు, అంటే మీ ఇంటికి: అదురు 8 హెర్ట్జ్ లోపు ఉంటే 5, 8 నుంచి 25 దాకా ఉంటే 10, 25 దాటితే 15. పాత గుళ్లు, కోటలు, సున్నితమైన కట్టడాలకు ఈ మూడూ 2, 5, 10. తక్కువ హెర్ట్జ్‌కు తక్కువ హద్దు ఎందుకో మీరు మొదట రాసుకున్న అంకె చెబుతుంది. రెండంతస్తుల ఇంటి ఊపు 5, కాబట్టి నెమ్మది అదురే దానికి శత్రువు. మెత్తటి మట్టి పొర మందంగా ఉన్నచోట అదురు హెర్ట్జ్ తగ్గి, నెమ్మది ఊపుగా మారుతుంది. అందుకే గని నుంచి సమాన దూరంలో ఉన్నా రేగడి మీది ఇల్లు రాతి నేల మీది ఇంటికంటే ఎక్కువ ఊగినట్టు ఉంటుంది.

మనిషికి సెకనుకు 1 మిల్లీమీటరు లోపే అదురు తెలిసిపోతుంది. కిటికీ అద్దాలు గలగలలాడితే అది చాలాసార్లు నేల పనికాదు, గాలిలో వచ్చిన పేలుడు వత్తిడి. అంటే భయం వేసిన ప్రతిసారీ గోడ దెబ్బతిన్నట్టు కాదు. అయితే గోడ దెబ్బతినలేదని చెప్పాల్సింది కొలత, గని గుమాస్తా కాదు.

చేయాల్సిన పని ఇలా ఉంటుంది. గని మీ వైపు రాకముందే ప్రతి గది ప్రతి గోడకు ఫోటో తీయండి, పగులు పక్కన స్కేలు పెట్టి. ఉన్న పగుళ్ల రెండు కొసల్లో పెన్సిల్‌తో గీత, తేదీ. పగులుకు అడ్డంగా ఒక సన్నని గాజు పలకను రెండు పక్కలా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి తేదీ రాయండి. పగులు కదిలితే గాజు విరుగుతుంది. వేసవిలో తెరుచుకుని వానాకాలంలో మూసుకునే పగులు, బేస్‌మెంటు దగ్గర నుంచి ఏటవాలుగా ఎక్కే పగులు ఎక్కువగా రేగడి పని. స్లాబు కిందే అడ్డంగా పోయేది ఎండకు స్లాబు సాగడం వల్ల. కిటికీ మూలల నుంచి రెండు వైపులా కత్తెరలా పోతూ, ఏ కాలమైనా మూసుకోకుండా పెరిగేవి అదురు మీద అనుమానపడాల్సినవి. ఒకే ఇంట్లో మూడూ ఉండొచ్చు.

తర్వాత గని ఏజెంటుకు రాతపూర్వకంగా అడగండి: మీ ఇంటి పక్కన నేల మీద సీస్మోగ్రాఫ్ పెట్టి కొలవాలని, కాగితంలో పీపీవీతో పాటు హెర్ట్జ్ కూడా ఉండాలని, ఆ బ్లాస్ట్‌లో ఒక్క డిలేకు (ఒకేసారి పేలే విడతకు) ఎన్ని కిలోల పేలుడు పదార్థం వాడారో రాయాలని. మొత్తం ఎంత పేల్చారన్నది అంత ముఖ్యం కాదు, ఒకే క్షణాన పేలింది ఎంతన్నదే అదురును నిర్ణయిస్తుంది. డిలేలు విడగొట్టి పేలిస్తే అదే బొగ్గుకు అదురు తగ్గుతుంది. దూరం రెట్టింపయితే పీపీవీ సాధారణంగా మూడో వంతుకు పడుతుంది, నేలను బట్టి తేడాలుంటాయి. జవాబు రాకపోతే డీజీఎంఎస్ ప్రాంతీయ కార్యాలయానికి: తెలంగాణ వైపు వాళ్లకు హైదరాబాద్, మహారాష్ట్ర వైపు వాళ్లకు నాగపూర్. హెర్ట్జ్ లేని కాగితం తీసుకోకండి. 7 అని మాత్రమే రాస్తే 20 హెర్ట్జ్ దగ్గర అది హద్దులోపల, 6 హెర్ట్జ్ దగ్గర హద్దు దాటినట్టు.

గిర్ని, ఇంజను పెట్టేటప్పుడు

600 ఆర్‌పీఎం తిరిగే గిర్ని చక్రాన్ని 60తో భాగిస్తే 10 హెర్ట్జ్. మన ఉదాహరణ ఇంటి ఊపు కూడా పొడవు దిశలో 10. దాన్ని ఇంటి గోడ పునాది మీదో, ఇంటి నేల కాంక్రీటు మీదో పెడితే ఇల్లు రోజూ గంటల తరబడి తన ఊపులోనే ఊగుతుంది. నెమ్మదిగా తిరిగే ఒంటి సిలిండర్ డీజిల్ ఇంజన్లు 650 నుంచి 850 ఆర్‌పీఎం, అంటే 11 నుంచి 14 హెర్ట్జ్. అవీ దగ్గరే. కరెంటు మోటారు 1440, అంటే 24. దాంతో అంత పేచీ లేదు. యంత్రం వేగానికీ దిమ్మ ఊపుకూ, ఇంటి ఊపుకూ కనీసం 30 నుంచి 40 శాతం తేడా ఉండాలి.

దిమ్మ బరువు తిరిగే యంత్రానికి దాని బరువులో 3 రెట్లు, పిస్టన్ ఇంజనుకు 5 రెట్లు. ఇంజను, దాని చట్రం కలిపి 500 కిలోలైతే 2500 కిలోల కాంక్రీటు. 1.5 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, 0.7 మీటరు లోతు దిమ్మ సుమారు 2600 కిలోలు వస్తుంది. ఎం20 కాంక్రీటు, 8 నుంచి 9 బస్తాల సిమెంటు. ఇనుము ఘనమీటరుకు కనీసం 25 కిలోలు: 12 ఎంఎం సలాకలు 200 ఎంఎం దూరంలో పైనా కిందా జాలీగా. పక్కలకు కూడా కలిపి 40 మీటర్లు తెచ్చుకోండి. ఒకే రోజు, ఆపకుండా పోయాలి. మధ్యలో ఆపితే పడే అతుకు దగ్గరే దిమ్మ రెండుగా చీలుతుంది. యంత్రం బరువు కేంద్రం, దిమ్మ కేంద్రం ఒకే నిలువు గీత మీదకు రావాలి. తేడా దిమ్మ పొడవులో 5 శాతం మించకూడదు, అంటే ఇక్కడ 75 ఎంఎం. అదురు తగ్గాలని దిమ్మను ఎత్తుగా కట్టేవాళ్లున్నారు. ఎత్తు పెరిగితే పక్కకు ఊగడం పెరుగుతుంది. వెడల్పు పెంచండి.

దిమ్మ మొరం మీద కూర్చోవాలి. దిమ్మ చుట్టూ, నేల కాంక్రీటుకూ గోడ పునాదికీ మధ్య 50 ఎంఎం సందు వదిలి థర్మోకోల్ పెట్టండి. పిండి పడి ఆ సందు గట్టిపడకుండా పైన తారు పూయండి. ఆ సందులో ఒక్కచోట కాంక్రీటు కారి గట్టిపడ్డా అదురు అక్కడి నుంచే ఇంట్లోకి వెళ్తుంది.

రబ్బరు మెత్తల విషయంలో జాగ్రత్త. మెత్త మీద పెట్టిన యంత్రం ఊపు, బరువుకు మెత్త ఎన్ని మిల్లీమీటర్లు అణిగిందో దాని వర్గమూలంతో 15.8ని భాగిస్తే వస్తుంది. పాత టైరు ముక్కలు 2.5 ఎంఎం అణిగితే 10 హెర్ట్జ్. 600 ఆర్‌పీఎం గిర్ని కింద అవి పెడితే అదురు తగ్గకపోగా రెచ్చిపోతుంది. అదే 1440 మోటారు కింద అవే మెత్తలు పెడితే ఐదో వంతు అదురే కిందికి దిగుతుంది. 600 చక్రానికి మెత్తలు కావాలంటే 10 ఎంఎం అణిగే స్ప్రింగులు పెట్టాలి. అప్పుడు ఊపు 5 హెర్ట్జ్‌కు పడి, అదురులో మూడో వంతే కిందికి వెళ్తుంది.

బోల్టులు 16 ఎంఎం, కనీసం 400 ఎంఎం లోపలికి దిగేలా, కింద కొక్కెం వంచి. దిమ్మ పోసేటప్పుడు 100 బై 100 ఎంఎం గుంతలు వదిలి, యంత్రాన్ని లెవల్ చేశాక ముడుచుకోని గ్రౌటుతో నింపండి. మామూలు సిమెంటు పాళ్లు ఎండి ముడుచుకుని బోల్టు చుట్టూ వెంట్రుకంత సందు వదులుతుంది, అదురుకు అది రోజురోజుకూ పెద్దదవుతుంది. దిమ్మకు 28 రోజులు, గ్రౌటుకు 7 రోజులు ఆగాకే ఇంజను తిప్పండి. మొదటి వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి నట్లు మళ్లీ బిగించి, ఒక్కోదానికి రెండో నట్టు వేయండి. రాయి కొట్టించి మళ్లీ ఎక్కించిన ప్రతిసారీ చక్రం చేత్తో తిప్పి, వదిలినప్పుడు ఎప్పుడూ ఒకే వైపు బరువుగా ఆగుతోందా చూడండి. అలా ఆగితే ముందు దాన్ని సరిచేయించాలి, తర్వాతే బెల్టు వేయాలి.